విశ్రాంతి నగరానికి పదికి ఆరు

మా ఆయన సాల్మన్ రాజు ఎవరిలోనైనా ముందు మొహం చూడడు, కుట్టు చూస్తాడు. పెళ్లిచూపులనాడు నా జాకెట్టు చేతి అంచు చూసి, "ఇది మెదక్ల కుట్టింది కాదు, ఎవరు కుట్టిండ్రు?" అని అడిగాడు. నాతో ఆయన మాట్లాడిన మొదటి మాట అది. ఎల్దుర్తిలో మా చిన్నమ్మ కుట్టిందంటే నమ్మలేదు. వారం తిరక్కుండా ఆమెను కలిసి అడిగొచ్చాడు. పదిహేనేళ్లయింది, ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

టైలరుకు ఆ మాత్రం అనుమానం ఉండాలని ఆయన వాదన. కొలతలు మనిషి నోటితో చెప్తే రాసుకోడు, టేపు పెట్టి తీస్తాడు. నడుము ముప్పై నాలుగు అన్నవాడికి ముప్పై ఏడు ఉంటుందని ఆయన అనుభవం. ఆ ఒక్క సంగతి పట్టుకుని లోకం మొత్తాన్ని కొలుస్తాడు. కూరగాయల ఆమె నవ్వితే తూకంలో ఏదో చేసిందంటాడు. నేను నవ్వితే ఏం కొనాలని అడుగుతాడు.

ఊరికే నోరు పారేసుకోవడం కాదు గానీ, ఆ జబ్బుకు మూలం నాకు తెలుసు. మా మామ యోసేపు మా వీధి చివర ఉన్న చిన్న ప్రార్థన మందిరంలో హార్మోనియం వాయించేవాడు. పెద్ద చర్చి కాదు, మాది నలభై కుటుంబాల చిన్న సంఘం. మా ఆయనకు పద్నాలుగేళ్లప్పుడు, యోసేపు కల్లు తాగొచ్చి హార్మోనియం ముందు కూర్చుంటున్నాడని పేరు లేని ఉత్తరం ఒకటి పెద్దల చేతికి వచ్చిందట. పెద్దలు ఆయన్ను తిట్టలేదు, కొట్టలేదు. "కొన్నాళ్లు విశ్రాంతి తీసుకో యోసేపూ" అన్నారు. ఆ కొన్నాళ్లు ఎప్పటికీ అయిపోలేదు. ఆ పెట్టె ముందు మళ్లీ కూర్చోకుండానే ఆయన పోయాడు. ఉత్తరం రాసింది ఎవరో ఇప్పటికీ తెలియదు. అప్పటి నుంచి మా ఆయన ఆ మందిరంలో ఎవరికి వందనం చెప్పినా, నువ్వేనా అని మనసులో అడుగుతూనే చెప్తాడు.

అదే మందిరంలో ఆదివారం పిల్లలకు బైబిలు కథలు చెప్పే పని ఆయనకు వచ్చినప్పుడు మాత్రం నేను మనిషిలో వెలుగు చూశాను. తండ్రి పోగొట్టుకున్నది తన ద్వారా ఇంటికి తిరిగొచ్చినట్టు అనుకున్నాడు. ఎనిమిదేళ్లుగా ఒక్క ఆదివారం మానలేదు. ఆ పని పోతే ఆయన బతకడని నాకు తెలుసు, అందుకే ఇది ముందే చెప్తున్నాను.

జపాను వాళ్ల బొమ్మల సీరియళ్ల పిచ్చి, స్కూళ్లు మూతబడ్డ ఆ రెండేళ్లలో పట్టుకుంది. యూనిఫారాలు లేవు, పెళ్లి బట్టలు లేవు. మిషను మీద ఫోను నిలబెట్టుకుని హిందీ డబ్బింగులో చూసేవాడు. పిల్లలు చూసే బొమ్మలు నీకెందుకయ్యా అంటే, ఇవి పిల్లల బొమ్మలు కావన్నాడు. ఒకనాడు ఒక సీరియలు బాగాలేదని తిడుతూ ఫోనులో రికార్డు చేసి యూట్యూబులో పెట్టాడు. మొహం చూపించడు, గొంతు ఒక్కటే. పేరు "టైలర్ రివ్యూ". దాన్ని మూడొందల మంది చూశారు. ఇంక ఆగాడా!

మధ్యాహ్నం రెండింటికి వీధి భోంచేసి కునుకు తీస్తుంది. అప్పుడు దుకాణం పరదా దించి, దారపు ఉండల డబ్బా మీద ఫోను పెట్టి మొదలుపెడతాడు. దుకాణమంటే మా ముందు గదే. ఆ గది గోడకు అవతల గాబ్రియేలు మామ, యేసమ్మత్త ఉంటారు. ఇద్దరూ మాకు చుట్టాలు కారు గానీ వరసలు ఎప్పుడో కలిశాయి. మామ ముప్పై ఏళ్లు బస్సు కండక్టరు చేసి దిగాడు. మందిరం గుమ్మం దగ్గర నిలబడి వచ్చినవాళ్లకు పాటల పుస్తకాలు పంచే పని ఆయనది. టికెట్టు ఇచ్చినట్టే ఇస్తాడు, పుస్తకం చేతిలో పెట్టి "లోపటికి జరుగుండ్రి" అంటాడు.

మా ఆయన రివ్యూలు ఎలా ఉంటాయంటే, ముందు కుట్టు గురించి చెప్తాడు. ఈ రాజుగారి కోటుకు భుజం పట్టీ తప్పుగా ఉంది, ఇంత పెద్ద రాజ్యానికి ఒక్క టైలరు దొరకలేదా అంటాడు. తర్వాత కథలోకి దిగి, ఎవడు అబద్ధం చెప్తున్నాడో వెతుకుతాడు. వినేవాళ్లకు అదే నచ్చింది.

పోయిన వానాకాలంలో ఆయనకు "విశ్రాంతి నగరం" అనే సీరియలు దొరికింది. పన్నెండు భాగాలు. అందులో ఒక శుభ్రమైన ఊరు. పోలీసులు లేరు, తుపాకులు లేవు. ప్రతి వీధి మలుపులో ఒక తెల్ల పెట్టె ఉంటుంది. ఊళ్లో ప్రతి ఒక్కరూ వారానికి ఒక చీటీ రాసి అందులో వేయాలి. ఎవరి గురించి తమకు దిగులుగా ఉందో రాయాలి, అంతే. తిట్టకూడదు, ఫిర్యాదు చేయకూడదు, దిగులు మాత్రమే. ఒక మనిషి మీద ఏడు చీటీలు పడితే తెల్ల బట్టల వాళ్లు వచ్చి మర్యాదగా విశ్రాంతికి తీసుకుపోతారు. పోయినవాళ్లు నవ్వుతూ తిరిగొస్తారు, ఇంట్లో వాళ్లను మాత్రం గుర్తుపట్టరు. ఆ చీటీలను వేరుచేసే గుమాస్తా పిల్ల ఉంటుంది. చిన్నప్పుడు తన తల్లిని కూడా అలాగే తీసుకుపోయారు. తల్లి మీద చీటీ రాసిందెవరో కనుక్కోవాలని ఆ పిల్ల అదే ఆఫీసులో చేరుతుంది.

విశ్రాంతి అన్న మాట వినగానే మా ఆయన మిషను ఆపేశాడు. ఆ రోజు ఒక్క గుండీ కుట్టలేదు. ఒక్కో భాగానికి ఒక్కో రివ్యూ చేశాడు, పదికి తొమ్మిది మార్కుల చొప్పున. ఐదో భాగానికి వచ్చేసరికి నోరు జారింది. "ఇసొంటి పెట్టె మా కాడ గుడ ఉంది. తాళంచెవి మా ఇంట్లనే ఉంటది" అన్నాడు.

ఆ తాళంచెవి నా దగ్గరుంటుంది. మందిరం గుమ్మానికి ఒక కొయ్య పెట్టె ఉంది, ప్రార్థన చీటీల పెట్టె. కష్టం ఉన్నవాళ్లు రాసి వేస్తారు. బుధవారం సాయంత్రం ఒక్కో వారం ఒక్కో ఇంట్లో కూడుకుంటాం, అక్కడ నేను చదువుతాను, అందరం ప్రార్థన చేస్తాం. చీటీలో పేరు రాయకూడదు. ఒక సహోదరి, ఒక కుటుంబం, అంతవరకే. రాసిందెవరని అడగకూడదు, ఎవరి గురించని అసలే అడగకూడదు. చీటీలు వారం రోజులు నా బైబిల్లో ఉంటాయి, రోజూ వాటి కోసం ప్రార్థన చేసి మరుసటి బుధవారం పొయ్యిలో వేస్తాను. మా అత్త కాలం నుంచి పద్ధతి ఇదే.

అలాంటి పెట్టెను ఆ తెల్ల పెట్టెతో పోల్చినందుకు నేను నాలుగు రోజులు మాట్లాడలేదు. ఐదోరోజు బుధవారం. ఆ సాయంత్రం నేను చదివిన మూడో చీటీ ఇది: "ఒక సహోదరుడు గదిలో ఒక్కడే కూర్చుండి, కనిపించనివాళ్లతో మాట్లాడుతున్నాడు. అతని మనసు సరి కావాలని, పిల్లలకు అతని మీద ఉన్న గౌరవం పోకూడదని ప్రార్థించండి."

తలెత్తి చూస్తే మా ఆయన గోడకు ఆనుకుని నన్నే చూస్తున్నాడు.

ఇంటికొచ్చాక అన్నం ముట్టలేదు. ఒక్కడే గదిలో కూర్చుని కనిపించనివాళ్లతో మాట్లాడేది తను కాక ఇంకెవరు, పిల్లలంటే ఆదివారం పిల్లలు కాక ఇంకెవరు అన్నాడు. నేను కాదనలేకపోయాను. నిజం చెప్పాలంటే నాకూ అలాగే అనిపించింది. ఇంకా నిజం చెప్పాలంటే, రాసినవాళ్లు తప్పేం రాయలేదని కూడా అనిపించింది.

ఆ మర్నాటి నుంచి మా వీధి ఆయనకు ఆ సీరియలులో ఊరైపోయింది. ఎవరైనా బాగున్నావా అంటే, ఈయనకెందుకు నా బాగు అంటాడు. సంఘ పెద్ద శశిధర్ గారు ప్యాంటు పొట్టి చేయించుకోవడానికి వస్తే, దుకాణంలో ఏముందో చూసిపోవడానికి వచ్చాడన్నాడు. రివ్యూలు ఆపేశాడు. అప్పటికి పదకొండు అయ్యాయి, ఆఖరుది ఒక్కటే మిగిలింది. చూడటమైతే చూశాడు. కొలతల పుస్తకం వెనక అట్ట మీద "పదికి ఆరు" అని రాసిపెట్టాడు. ఎందుకు అంత తక్కువని అడిగాను.

ఆఖరు భాగంలో ఆ గుమాస్తా పిల్లకు తల్లి మీద పడిన ఏడో చీటీ దొరుకుతుందట. అది చిన్నపిల్ల చేతిరాత, తన చేతిరాతే. మా అమ్మ రోజూ ఏడుస్తోంది, ఎవరైనా వచ్చి చూడండి అని రాసి ఉందట.

"గిది నమ్మబుద్ధి అయితలేదు" అన్నాడు మా ఆయన. "ప్రేమతోని ఎవలన్న చీటీ రాస్తరా? ఆఖరికొచ్చి కథ చెడగొట్టిండు."

రివ్యూలు ఆగిన రెండో రోజు నుంచి ఇంకో బాధ మొదలైంది. సరిగ్గా మధ్యాహ్నం రెండింటికి అవతలి గోడ మీద చప్పుడు. టక్, టక్. రెండే దెబ్బలు. కాసేపాగి మళ్లీ రెండు. నోరు మూయించి కూడా వదలట్లేదు చూడు, గోడ కొట్టి ఎగతాళి చేస్తోంది అన్నాడు. యేసమ్మత్త మీదికి ఆయన అనుమానం మళ్లింది అప్పుడే. ఆమె కూడా అలాగే ప్రవర్తించేది మరి. గుమ్మం దాకా వచ్చి, ఏదో అనబోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెనక్కి పోయేది.

మూడో బుధవారం మా ఇంటి వంతు. ఆ ముందురోజు నేను అంగన్‌వాడీలో నా పని ముగించుకుని వచ్చేసరికి మా ఆయన నేల మీద కూర్చుని ఉన్నాడు. ముందు రెండు కాగితాలు. ఒకటి ఆ ప్రార్థన చీటీ. పొయ్యిలో వేసే రోజున కనబడకపోతే ఎక్కడో జారిందనుకున్నాను, నా బైబిల్లోంచి ఈయనే తీశాడు. రెండోది యేసమ్మత్త జాకెట్టు బట్టకు గుండుసూదితో గుచ్చి పంపిన కొలత కాగితం. చేతులు ఒక ఇంచు పొడుగు పెట్టాలని రాసింది. రెండు కాగితాలూ ఒకటే. గాబ్రియేలు మామ కండక్టరు ఉద్యోగం నాటి ట్రిప్పు షీట్ల వెనకభాగం, పసుపుపచ్చగా మారిన కాగితం, ఒక పక్క చిల్లులు. ఆ కాగితం మెదక్‌లో ఇంకెవరింట్లోనూ ఉండదు.

నాకు ఆ కాగితం సంగతి మొదటిరోజే తెలుసు. పెట్టె తెరిచేదాన్ని, తెలియకుండా ఎలా ఉంటుంది? చెప్పకూడదు గనుక చెప్పలేదు. అదీ ఆయనకు అర్థమైంది. నీకు ముందే తెలుసా ఫేబా అని అడిగి, జవాబు కోసం ఆగకుండా లేచిపోయాడు. ఆ రాత్రంతా నా వైపు తిరగలేదు.

బుధవారం పదహారు మంది వచ్చారు. చాపలు చాల్లేదు, బట్టల తాన్ల మీద దుప్పటి పరిచి కూర్చోబెట్టాం. యేసమ్మత్త మామను తలుపు పక్కన కూర్చోబెట్టి, ఆయన మోకాలి మీద చెయ్యి వేసి కూర్చుంది. పాట అయింది. దేవుని మేళ్లు చెప్పుకునే సాక్ష్యాల సమయం వచ్చేసరికి మా ఆయన లేచాడు. చేతిలో ఆ రెండు కాగితాలు ఉన్నాయి. వద్దని కళ్లతో చెప్పాను. చూడలేదు.

"నా మీద చీటీ రాసినోళ్లు ఈడనే ఉన్నరు" అన్నాడు. "మా నాయినను గిట్లనే కూసోబెట్టిండ్రు. గప్పుడు ఎవరు రాసిండ్రో తెల్వలే. గిప్పుడు తెలిసింది. పేరు నేను చెప్పను, రాసినోళ్లే లేచి చెప్పాలె. పిల్లల కాడికెల్లి నన్ను తీసెయ్యాలని ఎందుకు రాసిండ్రో గుడ చెప్పాలె."

శశిధర్ గారు కూర్చో సాల్మనూ అన్నారు. మా ఆయన కూర్చోకుండా రెండు కాగితాలూ పక్కపక్కన పట్టుకుని చూపించాడు. అందరి కళ్లూ ఆ చిల్లుల మీదికి, అక్కడి నుంచి తలుపు దగ్గరికి పోయాయి. యేసమ్మత్త లేచింది. లేవడానికి గోడ పట్టుకోవలసి వచ్చింది.

"నేనే రాసిన" అంది. "నీ మీద రాయలే బిడ్డా. మీ మామ మీద రాసిన."

మామ ఆమె చీర కుచ్చిళ్లు పట్టుకుని పైకి చూస్తున్నాడు.

"ఆరు నెలల సంది ఆయనకు సోయి ఉంటలేదు. ఒకనాడు నన్నే ఎవరమ్మా, ఏడ దిగాలె అని అడుగుతడు. గోడకు మొకం పెట్టి మాట్లాడుతడు. మా పిల్లలకు గుడ చెప్పలే, నాయిన అంటె ఆళ్లకు మస్తు గౌరవం. నలుగురికి తెలిస్తె ఆ పుస్తకాలు పంచే పని పోతదని ఏడ చెప్పుకోలే. ఆ పెట్టెల ఒక్కదాంట్ల చెప్పుకున్న."

అంతే చెప్పి కూర్చుంది. మామ మాత్రం అందరినీ చూసి చేత్తో సైగ చేస్తూ, "జర లోపటికి జరుగుండ్రి, చేగుంట దాక సీట్లు దొరకయి" అన్నాడు. ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. మా ఆయన చేతిలో కాగితాలు ఎక్కడ పెట్టాలో తెలియక జేబులో పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు.

అప్పుడు గుర్తొచ్చాయి నాకు అన్నీ. రెండు నెలల కింద మామ నాకు మూడు పాటల పుస్తకాలు ఇచ్చాడు, ఎవరికని అడిగితే పిల్లలకు హాఫ్ టికెట్ అన్నాడు. నేను హాస్యమనుకుని నవ్వాను. ఆదివారాలు యేసమ్మత్త ఆయన పక్కనే ఎందుకు నిలబడుతోందో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. ఊళ్లో వాళ్ల జాకెట్టు అంచుల దాకా తెలిసిన మా ఆయనకు, గోడ అవతలి మనిషి సంగతి తెలియలేదు. నాకూ తెలియలేదు, నేనేం తక్కువ దాన్నని.

మర్నాడు మా ఆయన వాళ్లింటికి పోయాడు, నేనూ వెంట పోయాను. మామ కుర్చీ గోడకు ఎదురుగా వేసి ఉంది, మోకాళ్లు తగిలేంత దగ్గరగా. క్షమించమని అడగడానికి పోయిన మనిషి ఆ కుర్చీ చూసి గోడ ఎందుకు కొడుతున్నారని అడిగాడు.

"నేను కొట్టలే, ఆయనే" అంది అత్త. "నువ్వు ఆడ మాట్లాడుతుంటె ఈడ కూసోని ఇంటుండె, మధ్యల జవాబు చెప్తుండె. గోడతోని మాట్లాడుతుండని నేను భయపడ్డ. నువ్వు మాట బందు పెట్టినంక తెలిసింది, ఆయన మాట్లాడేది నీతోని అని. బస్సు ఆగిపోయిందనుకుంటడు. రెండు దెబ్బలు కొడితె రైట్ అని, కదులుతదని."

అది చెప్పుకుందామనే మా గుమ్మం దాకా వచ్చి వచ్చి తిరిగిపోయిందట. మా ఆయన ఆమె కాళ్లు పట్టుకోబోతే వెనక్కి జరిగింది. తిట్టలేదు. జాకెట్టు చేతులు ఎంత పొడుగు పెట్టావని అడిగింది.

అక్కడితో అయిపోతే బాగుండేది. శనివారం పెద్దలు కూడారు. మంచి మనసుతోనే కూడారు, ఒక్క చెడ్డ మాట లేదు. మామది పెద్దవయసు, గుమ్మం దగ్గర నిలబడి పడిపోతే ఎలా అనుకున్నారు. ఆదివారం ఆరాధనకు ముందు శశిధర్ గారు ప్రకటన చదివారు. గాబ్రియేలు గారు చేసిన సేవకు సంఘం తరఫున వందనాలు చెప్పి, "ఇకమీదట వారికి విశ్రాంతి ఇవ్వాలని నిర్ణయించాం" అన్నారు.

నేను పక్కనున్న మా ఆయన వైపు చూశాను. ఇరవై ఎనిమిదేళ్ల కింద అదే మాట, అదే గోడల మధ్య ఆయన విన్నాడు. ఈసారి ఉత్తరం ఎవరు రాశారని వెతకనక్కర్లేదు. గుమ్మం దగ్గర ఇంకెవరో పుస్తకాలు పంచుతుంటే మామ ఎదురుగా నిలబడి, రెండు చేతులూ ముందుకు చాపి తన కట్ట కోసం చూస్తున్నాడు. యేసమ్మత్త ఆ చేతులు దించి, లోపలికి తీసుకుపోయింది. మా వైపు చూడలేదు.

మా ఆయన పిల్లల తరగతి ఆయనకే ఉంది. ఎవరూ తీయాలనుకోలేదు, అసలు ఎప్పుడూ అనుకోలేదట. ఆ రోజు కథ చెప్పకుండా పిల్లలతో పాటలు పాడించి పంపేశాడు. ఆ తర్వాతి బుధవారం నేను పెట్టె తెరిస్తే ఒక్క చీటీ లేదు. ఇప్పటికి ఐదు వారాలు, పెట్టె ఖాళీగానే ఉంది. రాసి వేద్దామని నేనే ఒకటి రాసి, కాగితం ఎవరైనా గుర్తుపడతారేమోనని చించేశాను.

మొన్న మధ్యాహ్నం రెండింటికి మా ఆయన పరదా దించి, డబ్బా మీద ఫోను పెట్టాడు. "టైలర్ రివ్యూ, విశ్రాంతి నగరం, పన్నెండో భాగం" అని మొదలుపెట్టాడు. గొంతు గోడ అవతలికి వినబడేలా పెంచి చెప్పాడు. కుట్టు గురించి ఒక్క మాట లేదు. ఆ గుమాస్తా పిల్ల పాత చీటీల గదిలోకి పోవడం, ఏడో చీటీ తీయడం, చేతిరాత గుర్తుపట్టడం చెప్పాడు. కొలతల పుస్తకం వెనక అట్ట మీద ఆరు అంకె కొట్టేసి ఉంది, పక్కన ఏమీ రాసి లేదు. మార్కుల దగ్గరికొచ్చి ఆగిపోయాడు.

గోడ మీద రెండు దెబ్బలు పడ్డాయి. టక్, టక్.

"రైట్, రైట్" అన్నాడు గాబ్రియేలు మామ అవతల నుంచి. "పోనియ్ డ్రైవర్ సాబ్."

మా ఆయన ఫోను ఆపలేదు. మామ మళ్లీ కొట్టాడు. అప్పుడు మా ఆయన టేపు మెడలోంచి తీసి పక్కన పెట్టి, ఆ గోడకు నుదురు ఆనించుకుని, చప్పుడు కాకుండా ఏడవడం మొదలుపెట్టాడు.